సూరత్ చిక్కుడాకుల మీద తెల్ల గీతలు

సూరత్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి కనబడ్డవాళ్ళంతా ఒక్కటే అడుగుతున్నారు, ఎన్ని చీరలు తెచ్చావని. ఒక్కటి తెచ్చాను. అదీ నేతలో తప్పున్న చీర, తప్పుందని తెలిసే కొన్నాను. దాంతోపాటు వెల్లుల్లి కారప్పూస, గుప్పెడు చిక్కుడు గింజలు, ఒక ఖాళీ ఆవకాయ సీసా తెచ్చాను. అంత బట్టల ఊరికి పోయి ఖాళీ సీసాను భద్రంగా మోసుకొచ్చిన ఆడది నేనొక్కదాన్నే అయ్యుంటాను. చెప్తేగానీ అర్థం కాదు, అందుకే ఈ రాత.

జగిత్యాల దగ్గర మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. బోర్డు మీద పేరు మా ఆయనది, నడిపేది నేను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. పురుగుల గురించి అంత ఇష్టంగా చదివి, వాటిని చంపే మందులు అమ్ముతున్నావేమిటని అడిగేవాళ్ళున్నారు. పురుగు సంగతి తెలియనివాడికి దాన్ని చంపడమూ చేతకాదని వాళ్ళకు చెప్తుంటాను.

మా చెల్లె భాగ్య పెళ్ళయిన కొత్తలోనే మొగుడు మల్లేశం వెంట సూరత్ పోయింది. మల్లేశం అక్కడ సాంచెల మీద పనిచేస్తాడు. మరమగ్గాన్ని మావైపు సాంచె అంటారు. ఇన్నేళ్ళ చప్పుడుకు అతని చెవులు సగం పోయాయి. ఇంకా ఆ చప్పుడులోనే ఉంటే మిగిలిన సగం కూడా పోతుందని డాక్టరు తేల్చేశాడు. అప్పుడు మల్లేశం సేటును బతిమాలి సెలవు తీసుకుని, ఊరి చివర ఒక వీఘా, అంటే అర ఎకరం పైచిలుకు నేల కౌలుకు పట్టి పాప్డీ వేశాడు. పాప్డీ అంటే మన చిక్కుడే, కాస్త పొట్టి రకం. హోలీ దాకా నీ సాంచెలు నీకే ఉంచుతాను, రాకపోతే ఇంకొకడికి ఇచ్చేస్తాను అన్నాడట సేటు. అంటే హోలీలోపల ఆ చిక్కుడు తోటతో ఇల్లు గడుస్తుందని తేలాలి. తేలకపోతే మల్లేశం మళ్ళీ ఆ చప్పుడులోకే పోవాలి.

సంక్రాంతికి చేసే పతంగుల పండుగ అయిపోయాక మల్లేశం ఫోన్ చేశాడు.

"వదినె, ఆకుల మీద తెల్లగ గీతలు వడ్తున్నయి. పాము పాకినట్టు. ఎంత మందు కొట్టినా పోతలేవు."

"ఏం మందు కొట్టినవ్?"

"అన్ని కొట్టిన."

తర్వాత నేనేం అడిగినా అతనికి వినబడలేదు. దుకాణం మా ఆయనకు అప్పజెప్పి రైలెక్కాను.

భేస్తాన్: అందరూ అరిచే ఇల్లు

భాగ్య ఇల్లు భేస్తాన్‌లో, మిల్లు పనివాళ్ళ గల్లీలో. ఇనుప మెట్లెక్కితే ఒక గది, ఒక వంటగది, ఇద్దరు నిలబడగలిగిన బాల్కనీ. ఆ గల్లీలో ఒడియావాళ్ళు, యూపీవాళ్ళు, మరాఠీవాళ్ళు, మనవాళ్ళు కలిసే ఉంటారు. పక్క సందులోంచి సాంచెల టకటక గోడలను దాటుకుని వస్తూనే ఉంటుంది. గ్లాసులో నీళ్ళు పోసి కింద పెడితే నీళ్ళు సన్నగా వణికాయి. నేను భూకంపమేమో అనుకున్నాను. ఇంట్లో ఎవరూ తల కూడా ఎత్తలేదు.

మొదటి పూట నాకు అనుమానం వచ్చింది, నేను వచ్చినందుకు వీళ్ళు పోట్లాడుకుంటున్నారేమోనని. కాదు. మల్లేశానికి వినబడాలని భాగ్య అరుస్తుంది. తన గొంతు తనకు వినబడదు గనక మల్లేశం అరుస్తాడు. వీళ్ళ మధ్య పెరిగిన కూతురు శ్రావణి ఉప్పు అందుకోమని చెప్పాలన్నా అరుస్తుంది. పుట్టినప్పటినుంచీ నాది పెద్ద గొంతు. మెల్లగా మాట్లాడమని నన్ను ఎవరూ అనని ఇల్లు నా జన్మలో అదొక్కటే చూశాను.

శ్రావణి కాలేజీలో చదువుతోంది. మాట తెలుగులో మొదలుపెట్టి, హిందీలో మలుపు తిప్పి, గుజరాతీలో దింపుతుంది.

"పెద్దమ్మా, బైఠో జర. లోచో తీస్కొస్త. ఖాశో నే?"

కాస్త కూర్చో, తింటావు కదా అని. లోచో అంటే ఏమిటో చెప్తాను. నానబెట్టి రుబ్బిన శనగపప్పును ఆవిరి మీద ఉడికించి, ఇడ్లీ కాకముందే దింపేసినట్టుంటుంది. గట్టిపడని ముద్ద. దాని మీద నూనె, కారప్పూస, పచ్చి ఉల్లిగడ్డ, ఏదో మసాలా పొడి, పక్కన ఆకుపచ్చ చట్నీ. ప్లేటు నలభై రూపాయలు. ఉడకని పిండికి నలభై రూపాయలేమిటని శ్రావణితో కాసేపు వాదించాను. వాదిస్తూనే ఇంకో ప్లేటు తెమ్మన్నాను.

భాగ్య ఇంటి పని అయ్యాక కూలికి చీరలకు మెరుపు రాళ్ళు అంటిస్తుంది. జిగురు, సన్న పుల్ల, ఒడిలో చీర. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆగవు.

"అక్కా, నేనైతే తోట వద్దన్న. సాంచెలైతే నెల కాంగనె జీతం చేతుల పడ్తది. గా పాప్డీ ఏమిస్తది, పురుగులిస్తది."

"మరి ఆయన చెవులో?"

భాగ్య పుల్లను జిగురులో ముంచి, ఒక రాయి అంటించి, ఇంకోటి అంటించింది. "చెవులు పోతయని నాకెర్క. పొద్దుగాల పిలిస్తె పలుకకపోతె ఒక్కొక్కపారి నా గుండె ఆగుతది. గని అందరం పస్తుంటె చెవులుండి ఏం ఇంటడు."

నా చెల్లెతో నేను చిన్నప్పటినుంచీ ఏ వాదమూ ఓడిపోలేదు. ఆ పూట మాత్రం పోయి కాళ్ళు కడుక్కున్నాను.

డిండోలి దాటాక

మర్నాడు పొద్దున శ్రావణి, నేను మల్లేశం బండెక్కి డిండోలి దాటి, కాలువ పక్క బాటలో తోటకు పోయాము. అపార్టుమెంట్లు ఒక్కసారిగా ఆగిపోయి, వాటి కాళ్ళ దగ్గర్నుంచే పొలాలు మొదలవుతాయి. పందిరి తీగల నిండా తెగిన పతంగుల దారాలు చిక్కుకుని ఉన్నాయి, గులాబీ రంగువి, ఆకుపచ్చవి. చూడకుండా చెయ్యి పెట్టి వేలు కోసుకున్నాను. ఆ దారానికి గాజుపొడి పూస్తారు. పండుగ పోయినా దాని పదును పోలేదు.

ఆకులు చూశాను. పాముపొడ. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తాను. ఆవగింజంత ఉండే ఈగ ఒకటి, నలుపు మీద పసుపు మచ్చ ఉంటుంది, ఆకు పొరల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు పై పొరకూ కింది పొరకూ మధ్య పచ్చదనాన్ని తింటూ సొరంగం తవ్వుకుంటూ పోతుంది. అది పోయిన దారే మనకు తెల్ల గీతగా కనిపిస్తుంది. సన్నగా మొదలై, పురుగు లావయ్యే కొద్దీ గీత కూడా లావవుతుంది. మల్లేశం తోటలో ఒక్కో ఆకు మీద ఆరేడు గీతలున్నాయి. 

రేకు నీడలో మందు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఎరుపు మూత, నీలం మూత, పసుపు, తెలుపు. మల్లేశం వాటి ముందు పరీక్ష రాసొచ్చిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"నువ్వే అంటివి గద వదినె, ఒక్కటే మందు కొడ్తె పురుగు అలవాటు పడ్తదని. అందుకే మార్చి మార్చి కొట్టిన. ఒకపారి ఎర్రది, ఒకపారి నీలంది."

కళ్ళద్దాలు పెట్టుకుని సీసాల వెనకాల చీమంత అక్షరాలు చదివాను. నాలుగు కంపెనీలు, నాలుగు రంగులు, నాలుగు బొమ్మలు. మూడింటి లోపల ఒకటే రసాయనం. నాలుగోది దానికి సొంత తమ్ముడు.

"మల్లేశం, నువ్వు మార్చింది మూతలు. మందు మార్చలే."

ఈ మాట అతనికి రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారికి పక్క పాకలోని బర్రె కూడా తల తిప్పి చూసింది.

ఇందులో మాయేమీ లేదు. ఒక మందు కొడితే వంద పురుగుల్లో తొంభై పైన చస్తాయి. చావనివి ఏవో రెండు మూడు ఉంటాయి, వాటి ఒంటికి ఆ మందు అరుగుతుంది. తర్వాత పుట్టే పురుగులన్నీ వాటి పిల్లలే. మళ్ళీ అదే మందు కొడితే పాలు తాగినట్టు తాగుతాయి. మామూలుగా నేను మా రైతులకు చెప్పేది ఇక్కడితో ఆపి వేరే జాతి మందు ఇస్తాను. కానీ మల్లేశం తోటలో నన్ను ఆపింది ఇంకొకటి.

పక్కనే కంచె మీద ఇంకో చిక్కుడు తీగ ఉంది. దాని మీద కూడా గీతలున్నాయి, కానీ సగం గీతలు పొట్టివి. మొదలై, కొంచెం దూరం పోయి, ఆగిపోయాయి. అదే గాలి, అదే నేల, అదే ఈగ.

"ఇది ఎవరి తీగ?"

"నేల యజమాని ముసలామెది. మణిబా. ఆమె మందే కొట్టది."

పశువుల పాక ముందు నులక మంచం మీద మణిబా కూర్చుని ఉంది. తెల్ల చీర, కుడి భుజం మీద కొంగు, చేతిలో చాయ్ సాసరు. ఆమెకు గుజరాతీ తప్ప రాదు, శ్రావణి నడుమ కూర్చుని మాటలు అటూ ఇటూ చేరవేసింది. మందు ఎందుకు కొట్టలేదని అడిగించాను.

"బర్రె ఆ తీగనే తింటదట పెద్దమ్మా. కాయలు అయిపోయినంక తీగ మొత్తం బర్రెకే ఏస్తదట. మందు కొట్టిన తీగ తిని పాలు ఆపేస్తె నువ్వు పోస్తవా అంటుంది."

అంతే. అందులో పెద్ద తత్త్వమేమీ లేదు, బర్రె ఉంది.

మందుల దుకాణంలో చాయ్

మల్లేశానికి ఆ నాలుగు సీసాలు అమ్మినవాణ్ణి చూడకుండా ఉండలేకపోయాను. కడోదరా పోయే రోడ్డు మీద దుకాణం. నా వయసువాడే, గల్లా ముందు దేవుడి పటానికి తాజా బంతిపూల దండ. నేను సీసాలు బల్ల మీద పెట్టి, నా హిందీలో, ఒకే మందును మూడు పేర్లతో ఎందుకమ్మావని అడిగాను. మా హిందీ వాళ్ళకు కొట్లాటలా వినిపిస్తుందట. నిజానికి కొట్లాటే.

అతను కోపం తెచ్చుకోలేదు. చాయ్ తెప్పించాడు. "బెన్, బైఠియే పెహలే," అన్నాడు, ముందు కూర్చో అక్కా అని.

కూర్చున్నాక చెప్పాడు, వచ్చినవాడు ఎర్రది పనిచేయలేదంటే నీలంది ఇచ్చాను, కస్టమర్‌ను ఖాళీ చేతులతో పంపితే పక్క దుకాణంలో కొనుక్కుని పోతాడు కదా అని. ఆ మాట నాకు కొత్త కాదు. మా దుకాణంలో గల్లా వెనక కూర్చుని నేనే ఎన్నోసార్లు విన్నాను, పక్క దుకాణం వాళ్ళ నోటి నుంచి. మీ దగ్గర కాగితం మీద ఏ మందు ఏ జాతిదో రాసి గోడకు అంటించుకోవచ్చు కదా అన్నాను. అంటించానన్నాడు. చూపించాడు. నిజంగానే ఉంది, క్యాలెండరు వెనకాల.

"క్యాలెండర్ కే పీఛే?" అన్నాను.

"క్యాలెండర్ పర్ భగవాన్ హై బెన్," అన్నాడు, దాని మీద దేవుడి బొమ్మ ఉంది కదా అని.

ఇద్దరం నవ్వాము. చాయ్ చాలా తీపి. సూరత్‌లో అన్నీ తీపే, పప్పు కూడా. క్యాలెండరును అతను పక్క మేకుకు మార్చాకే లేచాను.

సీసాలో ఊంధియు

నా లెక్క ఇది. కంచె తీగ మీద గీతలు మధ్యలో ఆగాయంటే లోపలి పురుగును ఏదో తిన్నది. తినేదేమిటో నాకు తెలుసు. చీమ తలకంటే చిన్న కందిరీగలుంటాయి, సొరంగంలోని పురుగు మీదే గుడ్డు పెడతాయి, అందులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగునే తింటుంది. మందుకు అలవాటు పడేది పాముపొడ ఈగ. అలవాటు పడలేక చచ్చేది ఈ కందిరీగ. మల్లేశం కొట్టిన ప్రతి మందూ శత్రువును వదిలేసి కాపలావాణ్ణి చంపింది. కానీ చెప్తే నమ్మడు కదా. చూపించాలి.

చూపించడం కష్టమేం కాదు. గీతలున్న ఆకులు సీసాలో వేసి, మూతికి పల్చని బట్ట కట్టి, కొన్నాళ్ళు ఉంచితే లోపల్నుంచి ఏది పుడుతుందో అది కనిపిస్తుంది. మూతికి కట్టే బట్టకు సూరత్‌లో కొదవా. భాగ్య దగ్గర నెట్టు ముక్కలు సంచెడున్నాయి. నేను తీసుకుపోయిన ఆవకాయను గిన్నెలోకి తిరగేసి, సీసాను సబ్బుతో, సోడాతో, మళ్ళీ సబ్బుతో కడిగి, ఆకులు వేసి, వెచ్చగా ఉంటే తొందరగా పుడతాయని బాల్కనీలో పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నానికి సీసా గోడలంతా చెమటలు పట్టి, ఆకులు గోధుమరంగు గుజ్జుగా మారాయి. ఆవకాయ వాసన కూడా పూర్తిగా పోలేదు.

శ్రావణి మూతికి కట్టిన బట్ట విప్పి వాసన చూసింది. "పెద్దమ్మా, నువ్వు ఊంధియు వండినవ్."

ఊంధియు సూరత్ చలికాలపు కూర. పాప్డీ, కంద, చిన్న వంకాయలు, మెంతి ఉండలు, పచ్చి వెల్లుల్లి అన్నీ కుండలో కుక్కి, మూతి బిగించి మగ్గబెడతారు. నేను కూడా అదే చేశానన్నమాట, ఎండలో. నా డిగ్రీ పట్టా ఇంట్లో గోడకు ఉందని ఎవరూ గుర్తుచేయలేదు, అది వాళ్ళ మంచితనం.

రెండోసారికి బుద్ధి తెచ్చుకుని, అడుగున పొడి కాగితం పరిచి నీడలో పెట్టాలనుకున్నాను. రెండు సీసాలు కావాలి, ఒకటి మల్లేశం ఆకులకు, ఒకటి కంచె ఆకులకు. రెండో సీసా మణిబా ఇచ్చింది, నెయ్యి పోసుకునే గాజు బరణి. ఇచ్చేముందు ఆమె పెద్ద ఉపన్యాసమే ఇచ్చింది. శ్రావణి దాన్ని, "పగులగొట్టకుండ ఇయ్యిమంటుంది," అని రెండు ముక్కల్లో చెప్పింది. నేను మణిబాకు ఇచ్చిన జవాబు కూడా అట్లాగే తగ్గిపోయిందని నా అనుమానం. ఎందుకంటే, ఆమె పెట్టిన కూరలో ఇంత బెల్లం వేస్తే నాలుక ఎందుకు, తీసి పక్కన పెట్టుకో అన్న నా మాటకు మణిబా ఎంతో సంతోషపడి నా తల నిమిరింది.

రింగ్ రోడ్: పది అడుగుల దూరం నుంచి

సీసాల్లో పురుగులు పుట్టేదాకా ఊరు చూశాను. తాపీ ఒడ్డున చలికాలంలో పోంక్ అమ్ముతారు, లేత జొన్నకంకులు కాల్చి రాల్చిన పచ్చి గింజలు. అది మన ఊసబియ్యమే. మనం చేనులో కూర్చుని ఉత్తగా బుక్కుతాం. వీళ్ళు దాని మీద నిమ్మకాయ కారప్పూస, మిరియాల కారప్పూస, వెల్లుల్లి కారప్పూస వేసి, పక్కన చక్కెర గుళికలు పెట్టి, వంద గ్రాముల లెక్కన బంగారంలా తూస్తారు. మా ఊళ్ళో ఇది పిట్టలు తింటాయని అమ్మేవాడితో అన్నాను. మీ ఊరి పిట్టలు అదృష్టవంతులన్నాడు. అర్ధకిలో కొన్నాను.

రింగ్ రోడ్డు మార్కెట్లకు మల్లేశం కూడా వచ్చాడు. అంతస్తు మీద అంతస్తు, చీరల కట్టలు మోసేవాళ్ళ అరుపులు, ఎవరూ ఒక చీర అడగరు, వందల్లో అడుగుతారు. ఒక్క చీర కొంటానంటే నన్ను బిచ్చగత్తెను చూసినట్టు చూశారు. చివరికి ఒక చిన్న దుకాణంలో ఒకాయన చిలకపచ్చ చీర విప్పాడు. నాకు నచ్చింది. పది అడుగుల దూరంలో గడప దగ్గర నిలబడ్డ మల్లేశం అక్కడి నుంచే అన్నాడు.

"వద్దు వదినె. పోగు తెగింది. గీత ఉన్నది."

నాకు కనబడలేదు. దుకాణం ఆయనకూ కనబడలేదు. దీపం కింద పరిచి వెతికితే, అంచుకు జానెడు దూరంలో వెంట్రుకంత తెల్ల గీత.

"గీత కనవడ్తె నా కాళ్ళు ఆగయి వదినె," అన్నాడు మల్లేశం, అక్కడున్న నలుగురూ వినేలా. "సాంచె మీద పోగు తెగితె ఉరికి ముడి ఎయ్యాలె. జర ఆగినమంటే గీత బట్ట మొత్తం పాకుతది. సేటు ఆ తాను పక్కకు పడేస్తడు."

అప్పుడు నాకు తెలిసింది, అతను తోటలో రోజూ చూస్తున్నది ఆకులు కాదని. అతనికి అది నేసిన బట్ట తాను. ప్రతి ఆకు మీదా తెగిన పోగు. గీత చూడడం, పరుగెత్తడం, మందు కొట్టడం. ఇన్నేళ్ళు ఇల్లు నడిపిన అలవాటే ఇప్పుడు తోటను తింటోంది.

గీత ఎక్కడుందో మళ్ళీ చూశాను. కట్టుకుంటే ఆ భాగం కుచ్చిళ్ళలోకి పోతుంది. గీతను సాకుగా చూపించి, ధర సగానికి దించి, చీర కొన్నాను. మల్లేశం ఇంటిదాకా ఆ సంచిని ముట్టలేదు.

మణిబా మంచం మీద

నేను నాలుగు రోజులకని పోయినదాన్ని. మా ఆయన ఫోన్ చేసి, యూరియా బస్తాలు వచ్చాయి, ఎక్కడ దించాలని అడిగితే, నెత్తి మీద కాకుండా ఎక్కడైనా దించమన్నాను. సీసాలు పండేదాకా కదిలేది లేదు.

పండాయి. ఒక పొద్దున రెండు సీసాలూ తోటకు పట్టుకుపోయి మణిబా మంచం మీద తెల్లగుడ్డ పరిచి పెట్టాను. మల్లేశం, భాగ్య, శ్రావణి, మణిబా చుట్టూ చేరారు.

మల్లేశం ఆకుల సీసాలో ఈగలు, నలుపు మీద పసుపు మచ్చవి, నెట్టుకు అతుక్కుని కిటకిటలాడుతున్నాయి. కంచె ఆకులున్న నెయ్యి బరణిలో అలాంటి ఈగలు మూడో నాలుగో. మిగతావన్నీ వాటికంటే చిన్నవి, నల్లగా, వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తూ, చురుకుగా నడుస్తున్నాయి.

మల్లేశం బరణిని కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు. "ఇవీ పురుగులే గద."

"ఇవి నీ పురుగును తినే పురుగులు. ఆ ఆకుల మీద గీతలు నడుమల ఆగినయి చూడు. ఆపింది ఇవే."

"మరి నా తోటల ఎందుకు లెవ్వు?"

నేను మందు సీసాల వైపు చూపించాను.  

మల్లేశం బరణి కింద పెట్టాడు. "ఇన్ని దినాలు నేను వీటిని సంపిన్నా?"

 మణిబాకు ఎవరూ తర్జుమా చేయలేదు, అయినా అర్థమైంది. చాయ్ సాసరు అతని చేతిలో పెట్టింది.

కాసేపటికి వాదన మొదలైంది, దానికోసమే నేను బతుకుతున్నాను. మందు మొత్తం ఆపమన్నాను. సగం తోటలో ఆపుతానన్నాడు. సగంలో కొడితే గాలికి రెండో సగంలోని కందిరీగలూ చస్తాయన్నాను. గీతలు ఎక్కువైతే అన్నాడు. అయితే అవనీ అన్నాను.

"నువ్వు ఆకులు అమ్ముతున్నవా, కాయలు అమ్ముతున్నవా?"

"కాయలే."

"కాయ మీద గీత ఉన్నదా?"

తీగ పట్టుకుని చూశాడు. కాయ నున్నగా ఉంది. ఈ ఈగ ఆకునే తవ్వుతుంది, చిక్కుడు కాయ జోలికి రాదు.

"నా చీర గీత కుచ్చిళ్ళల పోయింది. నీ గీత ఆకులల్ల పోతది. బజార్ల ఎవడు అడుగుతడు ఆకు? తీగకు కావలసినంత పచ్చదనం ఇంక ఉన్నది. ఆ కొద్దిపాటి గీతలకు భయపడి తోట మొత్తం మందుల పాలు చేస్తవా?"

ఇది అన్ని పంటలకూ చెల్లే మాట కాదు, చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి. మెంతికూర, పాలకూర అమ్మేవాడికి ఆకే సరుకు, అక్కడ నేను వేరే మాట చెప్తాను. గీతలు మరీ మితిమీరితే చిక్కుడుకైనా చెప్తాను, వేరే జాతి మందు, సరైన సమయంలో, ఒక్కసారి. మందులు అమ్ముతూనే ఉంటాను. ఎప్పుడు వద్దో తెలిసిన దుకాణంలోనే ఎప్పుడు కావాలో కూడా తెలుస్తుంది.

ఇంతసేపూ మాట్లాడని భాగ్య అప్పుడు నోరు విప్పింది. "పంటల సగం పైసలు ఆ సీసాలకే పోతున్నయి. ఆపితే జర మిగులుతయి గద. ఆపి చూడరాదు, హోలీ దాక."

తోట వద్దన్న మనిషి ఆమె. మల్లేశం ఆమె మొహం చూశాడు. ఆమె అరవకుండా, మామూలు గొంతుతో అంది ఆ మాట. అయినా అతనికి అర్థమైంది, పెదవుల వైపే చూస్తున్నాడు గనక.

"సరె," అన్నాడు.

రేకు నీడలో పంపు భుజానికెత్తుకునే పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. కింద పెట్టడు, ఎత్తుకోడు. పొద్దున లేస్తే ఉరకడం తప్ప తెలియని మనిషిని ఊరికే కూర్చోబెట్టాం మేము. చాలాసేపయ్యాక నా వైపు తిరిగాడు.

"వదినె, నీళ్ళన్న కొట్టుకోవచ్చునా?"

శ్రావణి నవ్వబోయి భాగ్యను చూసి ఆగింది.

"కొట్టుకో," అన్నాను. "పంపు మంచిగ కడిగినంకనే. పొద్దుగాల ఒకపారి, దుమ్ము పోతది."

మణిబాకు శ్రావణి ఇది చెప్పగానే, ఆమె మంచం మీద నుంచి ఏదో అంది.

"బర్రె మీద గూడ కొట్టమంటుంది," అంది శ్రావణి.

ఇంటికొచ్చాక

బయల్దేరేముందు మణిబా తన కంచె తీగ గింజలు గుప్పెడు కట్టి ఇచ్చింది. నేను ఒక్క మాట గట్టిగా చెప్పి వచ్చాను, మందు సీసాల మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా కాయ కోయొద్దని. కోయలేదు. కొత్త చిగుళ్ళ మీద గీతలు వచ్చాయి, మల్లేశం ఫోటోలు పంపించాడు, ప్రతి ఫోటో కింద ఒక ప్రశ్న గుర్తు. తర్వాత తర్వాత ప్రశ్న గుర్తు లేకుండా పంపించాడు. చివర్లో వచ్చిన ఫోటోలో ఒక గీత ఆకు నడుమ దాకా వచ్చి ఆగిపోయి ఉంది. దాన్ని వేలితో చూపిస్తున్నాడు.

హోలీ అయిన మర్నాడు నేనే భాగ్యకు ఫోన్ చేశాను. దుకాణంలో రైతులున్నారు, అయినా చేశాను.

"మిల్లుకు పోయిండా?"

"పోయిండు అక్కా."

నేను గల్లా మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

"పోయి సేటుకు సంచెడు పాప్డీ ఇచ్చి వచ్చిండు. నా సాంచెలు ఎవలికన్న ఇయ్యుండ్రి అని చెప్పిండట. గొప్పగ ఏం మిగులలే అక్కా, జీతమంత మిగులలే. గని అప్పు కాలే. మణిబా వచ్చేయేటికి సుత నేల ఇస్తనన్నది."

 ఆమె వెనకాల సాంచెల టకటక సన్నగా వినిపిస్తోంది, పక్క సందులోవి.

"ఇంకా నీళ్ళు కొడ్తుండా?" అన్నాను.

"రోజు కొడ్తడు. పొద్దుగాల పంపు ఎత్తుకుని తోట మొత్తం తిరిగి వస్తడు. అవసరం లేదని నాకెర్క, ఆయనకూ ఎర్క. నేనేం అనలే."

ఫోన్ పెట్టేసి రైతుల వైపు తిరిగాను.